పిల్లలతో చిన్నార్ కొండ అడవికి

పిల్లలను అడవికి తీసుకెళ్తున్నామని చెప్పగానే బంధువులందరూ ఒకే మాట అడిగారు: అక్కడ పులులు కనబడతాయా? కనబడతాయని ఎవరూ మాట ఇవ్వలేరు. పైగా, కనబడని పులి కోసం జీపులో గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఆరేళ్ల పిల్లవాడికి శిక్షే. మా చిన్నవాడికి ఆరేళ్లు, అమ్మాయికి పదేళ్లు. వాళ్లు తమ కాళ్లతో నడిచి, తమ కళ్లతో వెతుక్కునే అడవి ఏదైనా ఉందా అని నేనూ మావారూ చాలాకాలం ఆలోచించాం. చివరికి కేరళలోని చిన్నార్ వన్యప్రాణి అభయారణ్యం దగ్గర ఆగాం.

ఇది ఇడుక్కి జిల్లాలో, మరయూర్ ఊరికి దగ్గరగా, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉంది. 1984లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 90 చదరపు కిలోమీటర్లే. మన నల్లమల పక్కన పెడితే చిన్న ముక్క. కానీ ఆ కొద్దిపాటి చోటులోనే నేల 400 మీటర్ల ఎత్తు నుంచి 2,522 మీటర్ల కుమారిక్కల్ మల శిఖరం దాకా లేస్తుంది. అడుగున ముళ్లపొదలు, ఏటి ఒడ్డున పచ్చటి పెద్ద చెట్లు, పైకి వెళ్లేకొద్దీ గడ్డి మైదానాలు, మబ్బుల్లో తడిసే, షోలా అనే పొట్టి సతతహరిత అడవులు. ఒకే కొండ ఇన్ని రూపాలు మార్చడం పిల్లలకు పుస్తకంలో చెబితే ఎక్కదు. కింది నుంచి పైకి ప్రయాణిస్తే ఎవరూ చెప్పనవసరం లేదు. అందుకే చాలామందిలా మున్నార్ నుంచి దిగకుండా, కింద తమిళనాడులోని ఉడుమలైపేట వైపు నుంచి ఎక్కాలని నిర్ణయించుకున్నాం.

సంక్రాంతి సెలవులను ఎంచుకోవడానికీ కారణం ఉంది. చిన్నార్‌కు వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. మా తిరుపతికీ ఆ వానే ఆధారం కాబట్టి ఆ లెక్క మాకు తెలుసు. జనవరికల్లా వానలు తెరిపిస్తాయి, ఏటిలో నీళ్లుంటాయి, ఎండ ఇంకా ముదరదు. వేసవి మొదలైతే ఇలాంటి ఎండు అడవుల్లో కార్చిచ్చు భయం ఉంటుంది. పైన మున్నార్ దగ్గరి ఇరవికుళం జాతీయ పార్కును కూడా కొండమేకలు ఈనే కాలంలో, మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మూసివేస్తారు. రెండూ చూడాలంటే సంక్రాంతి సరైన సమయం.

సామాను సర్దడం కన్నా పిల్లలను సిద్ధం చేయడానికే ఎక్కువ శ్రమ పడ్డాం. శ్రీవారి మెట్టు దారిలో తిరుమల కొండ ఎక్కిన పిల్లలు కాబట్టి కాళ్ల గురించి నాకు దిగులు లేదు. కానీ ఆ దారిలో గోవిందనామాలు, కబుర్లు, పాటలు ఉంటాయి. అడవిలో నోరు కట్టుకోవాలి. అందుకని ఇద్దరికీ చెరొక పని అప్పగించాను. అమ్మాయి చూసినవన్నీ నోటు పుస్తకంలో రాయాలి, పేరు తెలియకపోతే బొమ్మ వేయాలి. చిన్నవాడి పని వినడం. కొత్త చప్పుడు వినబడినప్పుడల్లా వేలు పైకెత్తాలి, మాట్లాడకూడదు. ఊరు దాటక ముందే మేడ మీద నిలబడి సాధన చేశాడు. ఇలా పని అప్పగించడం వల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు. చేతిలో పని ఉన్న పిల్లలు “ఇంకెంత దూరం” అని అడగరు.

బట్టల్లో ఎరుపు, పసుపు పక్కనపెట్టి మట్టిరంగువి, ఆకుపచ్చవి తీసుకున్నాం. పాదం మొత్తం కప్పే బూట్లు తప్పనిసరి; చిన్నార్‌లో జలగల బెడద లేదు కానీ ముళ్లు విపరీతం. సెంటు రాసుకోలేదు. తినుబండారాలు స్టీలు గిన్నెల్లో పెట్టాం, ప్లాస్టిక్ సంచి ఒక్కటి కూడా లేకుండా చూశాం.

తిరుపతి నుంచి కోయంబత్తూరుకు రైలు, అక్కడి నుంచి కారు. పొల్లాచ్చి, ఉడుమలైపేట దాటి అమరావతి జలాశయం వైపు వెళ్లేసరికి కొండలు గోడ కట్టినట్టు ఎదురయ్యాయి. మొదట తమిళనాడు వైపు ఆనమలై పులుల అభయారణ్యం, వంతెన దాటితే కేరళ, చిన్నార్. రెండు వైపులా అటవీ చెక్‌పోస్టులు. ఏనుగులు తిరిగే దారి కాబట్టి చీకటి పడకముందే అడవి దాటేలా బయలుదేరాలి. ఈ రోడ్డు సుమారు 16 కిలోమీటర్ల మేర అభయారణ్యం మధ్యనుంచే వెళ్తుంది. దారిలో ఎక్కడా బండి ఆపకూడదు, దిగకూడదు.

ఆ నియమం బోర్డుల మీద స్పష్టంగా రాసి ఉన్నా, మా ముందు ఒక కారు ఆగింది. అందులోని వాళ్లు కోతులకు చిప్స్ పొట్లాలు విసిరారు. నా పిల్లల వయసున్న పిల్లలే కిటికీలోంచి విసురుతున్నారు, పెద్దవాళ్లు ఫొటోలు తీస్తున్నారు. నాకు చాలా కోపం వచ్చింది. తిండి కోసం రోడ్డు మీదికి రావడం మరిగిన కోతి ఏదో ఒకరోజు చక్రాల కింద పడుతుంది. ఉప్పు అంటిన ప్లాస్టిక్ కవరును ఏ దుప్పో నమిలి మింగుతుంది. పిల్లలకు జంతువుల మీద ప్రేమ నేర్పుతున్నామనుకుంటూ వాటికి ఇలాంటి కీడు చేయకండి. దయచేసి.

కారు లోపలికి వెళ్లేకొద్దీ మా అమ్మాయి ముఖంలో అనుమానం. కేరళ అంటే కొబ్బరిచెట్లు, పడవలు, వాన అనుకుంది. బయట తుమ్మచెట్లు, బ్రహ్మజెముడు, బండరాళ్లు, ఎండిన గడ్డి. “అమ్మా, ఇది మన చంద్రగిరి కొండల్లాగే ఉంది కదా!” అంది. నిజమే. నైరుతి రుతుపవనాల మబ్బులు అరేబియా సముద్రం నుంచి వచ్చి, పడమటి కనుమల పడమటి వాలు మీద వాననంతా కురిపించేస్తాయి. కొండ దాటి తూర్పుకు వచ్చేసరికి వాటిలో నీరు మిగలదు. మున్నార్ వైపు మూడు వేల మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన, అక్కడికి కొద్ది గంటల దూరంలోని ఈ లోయలో ఏడాది మొత్తానికి 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. రాయలసీమ ఎందుకు ఎండుతుందో కూడా ఆ పిల్లకు ఆ కారులోనే అర్థమైంది. అదే కొండల గోడ, అదే మబ్బులు. నేను తరగతి గదిలో వానచ్చాయ ప్రాంతం గురించి బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెబుతుంటాను. ఇంత తేలికగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

అసలు నడక మర్నాడు పొద్దున. చిన్నార్ చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖ కౌంటరులో టికెట్టు తీసుకుంటే మనతో ఒక గైడును పంపుతారు. గైడు లేకుండా అడవిలోకి పోనివ్వరు. ఈ గైడులు అభయారణ్యంలోనే నివసించే ముదువ, మలపులయ తెగలవారు. వాళ్ల గూడేల సమితుల ద్వారానే ఈ నడకలు సాగుతాయి. దూరం ఎక్కువైన తూవానం జలపాతం నడక జోలికి పోకుండా, పిల్లల కోసం ఏటి ఒడ్డున సాగే చిన్న నడక అడిగాం. పిల్లలతో వెళ్లేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే: వాళ్లు నడవగలిగిన దానిలో సగం దూరాన్నే ఎంచుకోండి. మిగతా సమయం ఆగి చూడటానికి కావాలి.

మాతో వచ్చింది యాభై దాటిన ముదువ పెద్దాయన. నేను నగరి వైపు పుట్టి పెరిగినదాన్ని, తమిళం వచ్చు. ఆయన మాట్లాడే తమిళం వేరే యాసలో ఉన్నా కాసేపటికి చెవికి పట్టుబడింది. పిల్లలు ఆయన్ని మామా అన్నారు. ఆయన మొదట చేసిన పని, మా సంచిలో గలగలమంటున్న స్టీలు గిన్నెను తువ్వాలుతో చుట్టించడం. ఆ తర్వాత చిన్నవాడి ముందు గొంతుక్కూర్చుని, “ఏనుగు కనబడితే నువ్వు అమ్మ దగ్గరికి కాదు, నా వెనక్కి రావాలి. నేను చెయ్యి చూపిన వైపే కదలాలి. సరేనా తంబీ?” అన్నారు. వాడు తలూపాడు. అప్పటి నుంచి ఆయన నీడ వదలలేదు.

దారిలో ఏనుగు లద్దె కనబడింది. పిల్లలు ముక్కు మూసుకుంటారనుకున్నాను. ఆయన పుల్లతో దాన్ని విప్పేసరికి ఇద్దరూ వంగిపోయి చూశారు. పైన ఆరిపోయినా లోపల తడి ఉంది, రాత్రి వెళ్లినవి అన్నారు. సరిగా అరగని గడ్డి పోచలు, బెరడు పీచు, అరగని చింతగింజలు. ఆ గింజల్లో కొన్ని ఇక్కడే మొలకెత్తుతాయని, ఏనుగు నడిచిన దారిలో చింతచెట్లు లేస్తాయని చెప్పారు. ఉండ చేసి దొర్లించుకుపోతున్న పేడపురుగు దగ్గర చిన్నవాడు చాలాసేపు ఆగిపోయాడు. తొందరపెట్టకుండా మేమందరం అక్కడే నిలబడ్డాం. ఏనుగు కనబడలేదు. కానీ ఏనుగు ఏమి తిన్నదో, ఎప్పుడు వెళ్లిందో, ఎటు పోయిందో మా పిల్లలకు తెలుసు.

ఏరు దగ్గర పడగానే అడవి రూపు మారిపోయింది. ఎండు పొదలు ఆగిపోయి, నీటి గట్టున ఏరుమద్ది, మామిడి, చింత, కానుగ చెట్లు కొమ్మకు కొమ్మ తగిలేలా పెరిగాయి. వేడి తగ్గింది. ఈ నీళ్లు తూర్పుకు పారి చివరికి కావేరిలో కలుస్తాయి. కేరళలోని 44 నదుల్లో తూర్పుకు పారేవి మూడే, వాటిలో ఈ లోయలోని పాంబార్ ఒకటి. మొసళ్లు ఉన్నాయి, నీళ్లలో కాలు పెట్టవద్దన్నారు. పిల్లలు బండ మీద వెనక్కి జరిగి కూర్చున్నారు.

అక్కడే చిన్నవాడు వేలు పైకెత్తాడు.

మాకు ఏమీ వినబడలేదు. పెద్దాయన తల పక్కకు వంచి విని, నవ్వి, మద్దిచెట్టు పైకొమ్మల వైపు చూపించారు. ముందు కనబడింది గూడు: ఆకులూ పుల్లలూ కలిపి ముద్దగా కట్టినది, కొమ్మల కొసన, కిందినుంచి ఏ జంతువూ తేలిగ్గా చేరలేని చోట. దానికి కాస్త ఎగువన, కొమ్మకు అడ్డంగా పడుకుని, తోక కిందికి వేలాడేసి, ఏదో కాయ కొరుకుతూ బూడిదరంగు పెద్ద ఉడుత. పళ్ల మధ్య కాయ చిట్లుతున్న చప్పుడే వాడు విన్నది.

తిరుపతి ఇంటి గోడ మీద పరుగెత్తే మూడు చారల ఉడుత తప్ప మరొకటి చూడని పిల్లలు మావాళ్లు. ఇది ముక్కు నుంచి తోక కొస దాకా రెండడుగులు దాటి ఉంటుంది, బరువు కిలోన్నర పైనే. వీపు మీద బూడిద, తెలుపు కలిసిన జుట్టు, పెద్దవాళ్ల తల నెరిసినట్టు. ఇవి భారతదేశంలో కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లోని కొన్ని ఏటి లోయల్లో, కొండ అడవుల్లోనే ఉన్నాయి. దేశం బయట శ్రీలంకలో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. ఎందుకంటే ఇది నేల మీదికి దిగడానికి ఇష్టపడదు. కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూనే బతుకు గడుపుతుంది. చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగులుతూ ఉంటేనే దానికి దారి. ఒక్కొక్క ఉడుత ఒకటికి మించి గూళ్లు కట్టుకుంటుంది, ఒకచోట ప్రమాదమైతే ఇంకోచోటికి పోవడానికి.

మా అమ్మాయి గుసగుసగా అడిగింది, “మధ్యలో ఒక చెట్టు కొట్టేస్తే?” నేను తమిళంలో చెప్పాను. ఆయన తన రెండు చేతుల వేళ్లు కలిపి చూపించి, ఒక చెయ్యి పక్కకు లాగేశారు. ఏమీ అనలేదు. ఆ ఏటి గట్టు పచ్చదనం వెడల్పు ఎంతో ఉండదు. అటు కాస్త పోతే మళ్లీ ముళ్లపొదలే. ఈ జంతువు లోకమంతా ఆ సన్నని పచ్చటి పట్టీయే అని అప్పుడు నాకు కూడా తెలిసివచ్చింది. ఉడుత కాయ తినడం ముగించి, ఇంకో కొమ్మకు దూకి, ఆకుల్లోకి వెళ్లిపోయింది. మెడలు నొప్పి పుట్టేదాకా చూశాం.

అమ్మాయి పుస్తకంలో ఆ పూట చేరినవి ఇంకా ఉన్నాయి: కొండముచ్చుల గుంపు, దూరాన చుక్కల దుప్పులు, నెమళ్లు, రాళ్ల మధ్య ఒక పసుపు గొంతు పిగిలిపిట్ట. ఈ పిట్ట దక్షిణాది రాళ్ల కొండలను తప్ప వేరే చోటును ఇష్టపడదు; మన హార్స్‌లీ కొండల మీద కూడా ఉంటుంది. నక్షత్ర తాబేలును చూడలేకపోయాం. కానీ దాని కథ పెద్దాయన చెబుతుంటే నాకు మనసు కలుక్కుమంది. దొంగరవాణాలో పట్టుబడిన నక్షత్ర తాబేళ్లను అటవీశాఖవారు ఇక్కడికి తెచ్చి, కొంతకాలం సంరక్షించి, ఈ పొదల్లో వదిలిపెడతారు. మన రాయలసీమ, కోలారు ప్రాంతాల పొలాల గట్ల మీద దొరికే తాబేళ్లను సంచుల్లో నింపి విదేశాలకు పెంపుడు జంతువులుగా అమ్ముతున్నారన్నది తెలిసిన సంగతే. మన ఊళ్లలో ఇంట్లో తాబేలు ఉంటే కలిసివస్తుందని పెంచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చట్టం ప్రకారం అది నేరం. పిల్లలకు ఆ సంగతి అక్కడే, ఆ పొదల పక్కనే చెప్పాను.

తిరుగుదారిలో చిన్నవాడు అలసిపోయి వాళ్ల నాన్న భుజమెక్కాడు. చెక్‌పోస్టు దగ్గర చెట్టు కింద పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ అందరం కలిసి తిన్నాం. తమ ఇళ్లలో రాగులే ప్రధానమని, తాయన్నన్‌కుడి అనే గూడెంలో మరుగునపడిన పాత రాగి రకాలను మళ్లీ సాగు చేస్తున్నారని పెద్దాయన చెప్పారు. సంగటి తిని పెరిగిన మావారికీ ఆయనకూ ఒకరి భాష ఒకరికి రాకపోయినా రాగుల గురించి చాలాసేపు మాటలు సాగాయి, మధ్యలో నేను.

రాత్రి బస మరయూర్‌లో. ఈ ఊరి శ్రీగంధం వనాలు రోడ్డు పక్కనే కంచె వెనుక కనబడతాయి. ఒక్కొక్క చెట్టుకు నంబరు వేసి కాపలా కాస్తారు. ఎర్రచందనం దొంగల వార్తలు రోజూ వినే మా ఊరి పిల్లలకు ఆ కంచె ఎందుకో వివరించనక్కర్లేకపోయింది. లోయ నిండా చెరకు తోటలు. చేత్తో ఉండలు కట్టే మరయూర్ బెల్లానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. చిత్తూరు బెల్లం తిని పెరిగిన నాలుక నాది, తేలిగ్గా మెచ్చుకోదు. అయినా రెండు కిలోలు కొన్నాను.

తర్వాత పైకి, మున్నార్ వైపు. మలుపుల రోడ్డులో అమ్మాయికి వాంతి అయింది. పొద్దున తేలికగా తినిపించడం, ముందు సీటులో కూర్చోబెట్టడం తప్ప దానికి నాకు తెలిసిన మందు లేదు. మధ్యాహ్నానికల్లా స్వెటర్లు వేసుకున్నాం. ఇరవికుళం ఒకప్పుడు తేయాకు తోటల దొరల వేటస్థలం. 1975లో అభయారణ్యం, 1978లో జాతీయ పార్కు అయింది. హిమాలయాలకు దక్షిణాన అన్నిటికన్నా ఎత్తైన ఆనముడి, 2,695 మీటర్లు, ఈ పార్కులోనే ఉంది. అటవీశాఖ బస్సులో పైకి తీసుకెళ్తారు, అక్కడి నుంచి తారు రోడ్డు మీద నడక. నీలగిరి తార్ అనే కొండమేకలు మనుషులకు అలవాటు పడి రోడ్డు పక్కనే మేస్తుంటాయి. ఈ జాతి పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇంత దగ్గరగా చూడగలగడం గొప్ప అదృష్టమే. కానీ అమ్మాయి పుస్తకంలో ఆ రోజుకు అర పేజీ మాత్రమే నిండింది. వెతకాల్సిన పని, వినాల్సిన పని అక్కడ లేకపోయింది. జనం మధ్య వరుసలో నడిచాం, చూశాం, దిగాం. వయసు పైబడినవాళ్లకు, చంటిపిల్లలున్నవాళ్లకు ఇరవికుళం అనుకూలం. నడవగలిగిన పిల్లలుంటే మాత్రం మున్నార్‌లో ఒక రోజు తగ్గించి చిన్నార్‌కు ఇవ్వమంటాను. మున్నార్ వచ్చిన మన తెలుగువాళ్లలో చాలామంది తేయాకు తోటలు చూసి అటునుంచి అటే వెళ్లిపోతున్నారు, కింద ఈ లోయ ఉందని తెలియకనే.

ఇంటికి వచ్చాక ఇద్దరి ప్రశ్న ఒకటే: మన శేషాచలంలో ఇలాంటి పెద్ద ఉడుత ఉందా? ఉంది. బూడిదరంగుది కాదు, ఎర్రటి వీపున్న బెట్టుడుత, తలకోన అడవిలో. ఈ వానాకాలం దాటాక, జలపాతం దగ్గర జనం చేరకముందే, పొద్దున్నే అక్కడికి వెళ్తాం. చిన్నవాడు ఈసారి తన పని అక్కకు ఇవ్వనంటున్నాడు.